ఓడెక్కే ముందు వారం ఇంట్లోనే: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం మళ్లీ క్రూయిజ్‌కి వెళుతున్నామని తెలిసిన దగ్గర్నుంచి మా అపార్ట్‌మెంటు లిఫ్టులోనూ, బీచ్‌రోడ్డు వాకింగ్‌లోనూ ఒకటే ప్రశ్నలు. ఓడ గురించి అడిగేవాళ్లు తక్కువే. “వెళ్లడానికి ముందు వారమంతా ఇంట్లోంచి కదలరట కదా, ఏం చేస్తారు?” అని అడిగేవాళ్లే ఎక్కువ. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

అసలు వారం రోజులు ఇంట్లోనే ఉండడం ఎందుకు?

మొదటిసారి చేసిన తప్పు మళ్లీ చేయకూడదని. అప్పుడు ఓడెక్కడానికి రెండు రోజుల ముందు గాజువాకలో చుట్టాల గృహప్రవేశం. మర్నాడు పొద్దుటినుంచి జగదాంబ సెంటర్‌లో షాపింగ్, రాత్రి పన్నెండింటిదాకా సూట్‌కేసుతో కుస్తీ. మూడు గంటలు పడుకుని ఓడెక్కాం. ఆ రాత్రే మొదలైన వాంతులు పుదుచ్చేరి వచ్చేదాకా ఆగలేదు. అంత డబ్బు పోసి నేను చూసిన నీళ్లు కేబిన్‌లోని వాష్‌బేసిన్‌లోవే.

నిద్ర చాలకపోయినా, ఒళ్లు అలిసినా, కడుపు తేడాగా ఉన్నా కెరటాల ఊపు ఇంకా ఎక్కువ బాధపెడుతుంది. అందుకే ఈసారి ముందు వారం మొత్తం ఖాళీ పెట్టుకున్నాం. ఫంక్షన్ల్లేవు, షాపింగ్ లేదు, “దారిలోనే కదా, ఓసారి దిగి వెళ్లండి” అన్న పిలుపులకు వెళ్లడం లేదు. మా ప్రయాణం ఆషాఢంలో పడటం ఇంకో అదృష్టం. పెళ్లిళ్లూ ఉండవు, గృహప్రవేశాలూ ఉండవు. సగం పని పంచాంగమే చేసిపెట్టింది.

విసుగెత్తదా?

మొదటి రెండు రోజులూ ఎత్తుతుంది. చేతికి పని లేనట్టు, ఏదో మరిచిపోయినట్టు ఉంటుంది. మూడో రోజు నుంచి బాగుంటుంది.

మాది చినవాల్తేరులో నాలుగో అంతస్తు. ఎదురుగా ఉన్న రెండు బిల్డింగుల సందులోంచి జానెడు సముద్రం కనిపిస్తుంది. పోర్టులోకి వెళ్లే వంతు కోసం బయట లంగరేసుకున్న ఓడలు ఆ జానెడులోనే ఒకటో రెండో ఉంటాయి. పొద్దున్నే కాఫీ తాగుతూ మా వారు వాటిని లెక్కపెడతారు. స్టీల్‌ప్లాంటులో ముప్ఫై ఏళ్లు షిఫ్టులు చేసిన మనిషి, ఏదో ఒకటి లెక్కపెట్టనిదే ఉండలేరు. “నిన్నటి ఎర్రది వెళ్లిపోయిందోయ్, కొత్తది వచ్చింది” అని నాకు రిపోర్టు. నేను మిరపకాయల తొడిమలు తీస్తూ ఊఁ కొడతాను. మధ్యాహ్నం వాన. సాయంత్రం వాన తెరిపిస్తే మేడ మీదకి వెళ్లి యారాడ కొండ మీద లైట్‌హౌస్ వెలిగేదాకా కూర్చుంటాం. ఈ ఊళ్లో పుట్టి పెరిగాను గానీ, వెలిగే క్షణం చూడటం కోసమే కూర్చోవడం ఇదే మొదలు.

వానాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కదా, భయం లేదా?

భయం ఉంది. కాకపోతే లెక్క కూడా ఉంది. నైరుతి గాలుల జోరు ముందు తగిలేది పడమటి తీరానికి. జూన్, జులై నెలల్లో అరేబియా సముద్రంతో పోలిస్తే మన వైపు కొంత నయం. మన దగ్గర ఈ నెలల్లో అల్పపీడనాలు ఎక్కువగా పైన, ఒడిశా, బెంగాల్ వైపు పుడతాయి. విశాఖవాళ్లకి ఇప్పటికీ ఒళ్లు జలదరించే హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. పెద్ద తుపాన్లకు మన దగ్గర ఎక్కువగా అక్టోబరు, నవంబరు నెలలే అదను. అలాగని జులైలో సముద్రం పళ్లెంలో పాయసంలా నిలకడగా ఉంటుందని కాదు. ఊగుతుంది. దానికి సిద్ధపడే వెళ్లాలి.

ఓడ పెద్దదైనకొద్దీ ఊపు తక్కువ తెలుస్తుంది. పైగా క్రూయిజ్ ఓడలకు నీటి అడుగున రెండు పక్కలా చేపకుండే లాంటి రెక్కలుంటాయి. పక్కలకి ఒరిగే ఊపును అవి బాగా తగ్గిస్తాయి. ముందుకీ వెనక్కీ లేచిపడే ఊపును మాత్రం ఏమీ చేయలేవు.

రోజుకి ఒకసారి వాతావరణ శాఖ బులెటిన్ చూడండి, చాలు. పోర్టులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో పేపర్లో వస్తుంది. టీవీ చానళ్లు మాత్రం ఆ వారం కట్టేయండి. వాళ్లకి ప్రతి మబ్బూ మహా ప్రళయమే.

వాంతులు రాకుండా ఇంట్లోనే ఏమైనా చేసుకోవచ్చా?

దీని గురించే నన్ను ఎక్కువమంది అడిగారు, నాకు ఎక్కువ అనుభవం కూడా దీంట్లోనే ఉంది.

ముందు కారణం తెలియాలి. మన చెవి లోపల తూకం చూసే అవయవం ఒకటుంది. ఓడ ఊగుతుంటే అది “కదులుతున్నాం” అని చెబుతుంది. కేబిన్‌లో గోడలూ మంచమూ మనతోపాటే కదులుతాయి కాబట్టి కళ్లు “కదలడం లేదే” అంటాయి. ఈ రెంటికీ పొత్తు కుదరక మెదడు తికమక పడితే కడుపు తిరుగుతుంది. అందుకే ఊపు ఎక్కువైనప్పుడు కేబిన్‌లో ముడుచుకుని ఫోన్ చూడటం కన్నా ఘోరం లేదు. డెక్ మీదకి వచ్చి ఆకాశమూ నీళ్లూ కలిసే గీత మీద చూపు నిలపాలి. అప్పుడు కన్నూ చెవీ ఒకే మాట చెబుతాయి. మొదటిసారి నేను చేయనిది అదే.

మందుల షాపులో ఎవరిని అడిగినా అవోమిన్ బిళ్ల పేరు చెబుతారు. అది నిద్ర తెప్పిస్తుంది. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లూ, వేరే మందులు రోజూ వాడేవాళ్లూ డాక్టరును అడక్కుండా మింగకూడదు. ఓడ కదలకముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. ఈ ఇంటిపట్టు వారం ఇక్కడే పనికొచ్చింది. డాక్టరుగారిని అడిగి, మంగళవారం సాయంత్రం ఇంట్లోనే ఒక బిళ్ల వేసి చూసుకున్నాను. సీరియల్ మధ్యలోనే గుర్రు పెట్టానట. ఓడ మీద మొదటి సాయంత్రమే అలా పడుకుండిపోతే ఎంత నష్టమో ముందే తెలిసింది. డాక్టరుగారితో మాట్లాడి సగానికి తగ్గించాం.

అల్లం కొందరికి పనిచేస్తుంది, నాకు కొంత పనిచేసింది. నిమ్మకాయ వాసన చూస్తే హాయిగా ఉంటుంది, అంతకు మించి ఏమీ లేదు.

కేబిన్ ఇంకా బుక్ చేయలేదు. ఎక్కడ తీసుకోవాలి?

కింద అంతస్తులో, ఓడ నడిమధ్యన. పార్కులో పిల్లలు ఎక్కే ఉయ్యాల బల్ల గుర్తుందా? కొసల్లో కూర్చున్నవాడు ఎగిరిపడతాడు, మధ్యలో కూర్చున్నవాడికి ఏమీ తెలియదు. అంతే.

ఆ వారం ఏం వండుకోవాలి?

మా ఇంట్లో దాన్ని ఫ్రిజ్ ఖాళీ చేసే వారం అంటాం. సోమవారం ఎంవీపీ రైతు బజారుకి చివరిసారి వెళ్లాను, అదీ కొత్తిమీరకీ అల్లానికీ మాత్రమే. తర్వాత ఉన్నదాంతోనే. పెసరకట్టు, మజ్జిగచారు, మెంతికూర పప్పు, ఒంటరిగా మిగిలిపోయిన ఆనపకాయ ముక్కకి పాలు పోసి కూర. బుధవారం నాటికి ఫ్రిజ్‌లో ఒక క్యారెట్టు, అర చెక్క నిమ్మకాయ, ఎప్పటిదో తెలియని పచ్చడి సీసా మిగిలాయి. ఆ సీసా మూత తీసి వాసన చూసి మళ్లీ పెట్టేయడం మా ఇంట్లో రెండేళ్లుగా నడుస్తోంది. ఈసారి పారేశాను.

నూనె వేపుళ్లూ, బయట తిండీ ఆ వారం వద్దు. బీచ్‌రోడ్డు మురీ మిక్చర్ కోసం ప్రాణం కొట్టుకున్నా సరే, వానాకాలం నీళ్లతో జూదం ఆడొద్దు. ఓడలో రోజుకి నాలుగుసార్లు పెడతారు, అక్కడ తినడానికి కడుపులో చోటుండాలి.

ఆవకాయ జాడీ మాత్రం చూసుకుని వెళ్లండి. ముక్క మీద నూనె తేలుతూ ఉండాలి. తేలకపోతే కాచి చల్లార్చిన నువ్వులనూనె పోసి వాసెన గట్టిగా కట్టండి. ఇల్లు మూసేస్తే లోపల చెమ్మ పెరుగుతుంది. వచ్చేసరికి బూజు పట్టిందంటే ఆ ఏడుపు ఏడాదంతా ఉంటుంది.

ఇంటినుంచి తినుబండారాలు పట్టుకెళ్లొచ్చా?

ఇంట్లో వండినవాటిని చాలా ఓడల్లో ఒప్పుకోరు. పులిహోర పొట్లం స్కానరు దగ్గరే ఆగిపోతుంది. చేసిన శ్రమంతా చెత్తబుట్ట పాలు. కందిపొడి అయినా సరే, మీ కంపెనీ నిబంధనలు చదివాకే.

ఇంకేం పట్టుకెళ్లకూడదు?

ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్, కొవ్వొత్తులు, అగరబత్తులు. ఓడ మీద అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు. చుట్టూ ఎన్ని నీళ్లున్నా ఓడలో అగ్గి పుడితే పారిపోవడానికి వీధి లేదు. మా తోటికోడలు “దీపం పెట్టకుండా మూడు రోజులు ఎలాగక్కా?” అంది. మనసులో దణ్ణం పెట్టుకో అన్నాను. దేవుడి గదిలో దీపం కొండెక్కాకే తలుపు వేయాలి, ఇంట్లో కూడా నిప్పు మిగలకూడదు.

బట్టలు ఎప్పుడు సర్దాలి?

విశాఖ వానాకాలంలో అసలు ప్రశ్న “ఎప్పుడు ఆరుతాయి?” అన్నది. ఈ తేమకి నూలు చీర రెండు రోజులైనా చెమ్మగానే ఉంటుంది. ఆ చెమ్మతోనే పెట్టెలో పెడితే ఓడ మీద తెరిచేసరికి ముక్క వాసన. అందుకే ఉతుకుడు వారం మొదట్లోనే అయిపోవాలి. సోమవారం ఉతికి, గురువారం దాకా ఫ్యాను కింద ఆరేసి, శుక్రవారం సర్దాను. సూట్‌కేసు కూడా ఒక రోజు తెరిచిపెట్టి ఫ్యాను కింద ఉంచండి. అటక మీంచి దించిన పెట్టె లోపల బొద్దింక గుడ్లు ఉండవని నేను హామీ ఇవ్వలేను.

కొత్త చెప్పులు కొంటే ఆ వారం ఇంట్లోనే వేసుకుని తిరగండి. కరిచేది ఇంట్లోనే కరిచేస్తుంది. డెక్ తడిగా ఉంటుంది కాబట్టి అడుగు జారనిది చూసుకోండి. ఒక శాలువా తప్పనిసరి. ఓడ లోపల ఏసీ మంచు కురిపిస్తుంది.

ఏ కాగితాలు కావాలి?

దేశం లోపల తిరిగే ఓడైతే ఫొటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు, ఒరిజినలే. ఫోన్‌లో ఫొటో ఉంది కదా అని ధీమాగా వెళ్లొద్దు. శ్రీలంక లాంటి చోట్లకైతే పాస్‌పోర్టు, దానికి ఇంకా ఆరు నెలల గడువుండాలి. చంటిపిల్లలకి పుట్టిన సర్టిఫికెట్టు. ఆధార్‌లోనూ టికెట్టు మీదా పేరు ఒకేలా ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. మన ఇంటిపేర్ల గొడవ తెలిసిందే కదా, ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం.

గర్భిణులను సాధారణంగా 24 వారాలు నిండితే ఎక్కనివ్వరు. ఆరు నెలలు నిండని పిల్లల్ని కూడా చాలా ఓడలు తీసుకోవు.

రోజూ వాడే మందులు?

చేతిసంచీలో. పెద్ద పెట్టె టెర్మినల్‌లో మన చేతినుంచి తీసుకుని, ఎన్నో గంటల తర్వాత కేబిన్ తలుపు దగ్గర పెడతారు. రాత్రి వేసుకోవాల్సిన బీపీ బిళ్ల అందులో ఉండిపోతే అంతే. రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి, చీటీ కూడా.

ఓడ ఎక్కడ ఎక్కాలి?

పోర్టు ప్రాంతంలోనే ఇప్పుడు ప్రత్యేకంగా టెర్మినల్ ఉంది. సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టారు, 2023 సెప్టెంబరు 4న కేంద్ర మంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. టికెట్టు మీద ఇచ్చిన టైము ఓడ కదిలే టైము కాదు. లోపలికి రానిచ్చే గేటు ఓడ కదలడానికి గంటల ముందే మూసేస్తారు. రైలైతే మర్రిపాలెం దగ్గర ఆగుతూ వస్తుంది, పరిగెత్తి అందుకోవచ్చు. ఓడకి అలాంటి దయ లేదు.

ఓడ ఎంత పెద్దది?

2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై తిరిగిన ‘ఎంప్రెస్’ సంగతి చెబుతాను. 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో ఫ్రాన్స్‌లో కట్టింది. పొడవు 210 మీటర్ల పైమాటే. ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చున్న కురుసుర సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్లు. అలాంటివి రెండు వరసగా పెట్టినా ఇంకా మిగులుతుంది. మనవడికి ఇలా చెబితేనే అర్థమైంది.

ఫోన్ పనిచేస్తుందా?

తీరం కనుమరుగయ్యాక సిగ్నల్ కూడా కనుమరుగే. తర్వాత ఓడ సొంత శాటిలైట్ నెట్‌వర్కు పట్టుకుంటుంది, దాని బిల్లు చూస్తే నిజంగానే కళ్లు తిరుగుతాయి. ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మా అమ్మాయికి ముందే చెప్పాను, రెండు రోజులు ఫోన్ రాకపోతే కంగారు పడొద్దని. అయినా పడుతుంది, అది వేరే సంగతి.

ఇంటికి తాళమేసి వెళితే దొంగల భయం?

ఏపీ పోలీసుల తాళమేసిన ఇళ్ల నిఘా యాప్ ఉంది, ఎల్‌హెచ్‌ఎంఎస్ అంటారు. నమోదు చేసుకుని ఊరెళ్లే తేదీలు చెబితే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. లోపల కదలిక కనబడితే కంట్రోల్ రూముకి కబురు వెళుతుంది. డబ్బు కట్టక్కర్లేదు. ఆఖరి రోజు దాకా ఆగకుండా వారం ముందే మీ స్టేషన్‌లో కనుక్కోండి. పేపరు, పాల ప్యాకెట్టు ఆపమని చెప్పడం మరిచిపోవద్దు. గుమ్మం ముందు నాలుగు పేపర్లు పడి ఉంటే అంతకన్నా వేరే ఆహ్వానపత్రిక అక్కర్లేదు.

మొక్కలు ఎండిపోవా?

జులైలోనా? బాల్కనీ అంచుకి జరపండి, వాన చూసుకుంటుంది. మొక్కల కింద పళ్లాలు మాత్రం తీసి బోర్లించండి. నిలవ నీళ్లలో డెంగీ దోమ వారం పది రోజుల్లో గుడ్డునుంచి రెక్కలదాకా ఎదిగిపోతుంది. బాత్‌రూములో సగం నీళ్లతో ఉన్న బకెట్టు కూడా అంతే.

చుట్టాలు వస్తామంటే ఏం చెప్పాలి?

నిజం చెప్పాలి. “రెస్టు తీసుకుంటున్నాం” అంటే “ఒంట్లో బాగోలేదా?” అని పళ్లతో వస్తారు. నేను “ఫ్రిజ్‌లో ఏమీ లేదు వదినా, వచ్చాక పిలుస్తాను” అన్నాను. పనిచేసింది.

పెద్దవాళ్లు సముద్ర ప్రయాణం వద్దంటే?

మా ఇంట్లో వద్దనలేదు, నవ్వారు. మా నాయనమ్మ చెప్పిన ఓడ కబుర్లు వేరు. ఆమె కాలంలో ఓడంటే రంగం. రంగూన్‌ని ఇటువైపు రంగం అనేవారు. కూలి కోసం, మిల్లుల్లో పని కోసం శ్రీకాకుళం, విశాఖ జిల్లాల నుంచి ఎందరో ఓడెక్కి అక్కడికి పోయారు. తిరిగి వచ్చినవాళ్లు కంచరపాలెంలో ఉండిపోయిన చోటుకి ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పేరు. ఆ ఓడల్లో జనం డెక్ మీద చాప పరుచుకుని, గోనెసంచిలో అటుకులు పెట్టుకుని వెళ్లేవారట. ముందు వారమంతా ఇంట్లో ఏడుపులే, మళ్లీ చూస్తామో లేదో అని.

మా పనమ్మాయి ప్రశ్న దానికి తోడు. “అమ్మా, సముద్రం మీదకి వేటకి కాదు, సరుక్కీ కాదు. మరేటి సేత్తారమ్మా అక్కడ?” ఆమె మొగుడు ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు మీద పనిచేస్తాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలే అతను ఇంటిపట్టున ఉంటాడు. సముద్రమంటే ఆమెకి మొగుడు ఇంట్లో లేని రోజులు. “ఏమీ చేయం” అన్నాను. నమ్మలేదు. పాపం, టికెట్టు ధర అడిగితే చెప్పడానికి నోరు రాలేదు.

ఓడెక్కగానే ఏదో డ్రిల్లు చేయిస్తారట, ఎగ్గొట్టొచ్చా?

వద్దు. ప్రమాదం వస్తే ఎక్కడికి వెళ్లాలో నేర్పేది అదే. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాయికి తగిలి ఒరిగినప్పుడు, అదే రోజు ఎక్కిన కొన్ని వందల మందికి ఇంకా డ్రిల్లు జరగలేదు. ఆ తర్వాతే, ఓడ బయల్దేరకముందు గానీ బయల్దేరిన వెంటనే గానీ డ్రిల్లు చేయించాలని నిబంధన మార్చారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినబడితే మీకు చెప్పిన చోటికి వెళ్లాలి. మా వారు ఈ వారమంతా ప్రెజర్ కుక్కర్ కూతల్ని లెక్కపెట్టి నన్ను ఏడిపిస్తున్నారు.

బయల్దేరాక “తాళం వేశామా, గ్యాస్ కట్టామా?” అని అనుమానం వస్తే?

వస్తుంది. నెట్‌వర్కు పోయిన గంటకే వస్తుంది. మొదటిసారి మా వారు ఆ బాధతో డెక్ మీద అటూ ఇటూ నడుస్తుంటే జనం ఎక్సర్‌సైజు అనుకున్నారు. ఈసారి ఇల్లు దాటేముందు ఒక్కొక్కదాని ఫొటో తీసుకుంటున్నాం: గ్యాస్ రెగ్యులేటరు, తలుపు గడియ, గీజరు స్విచ్చు, వీధి తాళం. నిన్న రిహార్సల్ కూడా చేశాం. ఫొటోలన్నీ తీసి, తాళం వేసి, లిఫ్టులో కిందకి దిగాక మా వారు అడిగారు, “నీళ్ల మోటారు కట్టావా?”

దాని ఫొటో లేదు. మళ్లీ పైకి ఎక్కాం.